కొనేదొకరు, మోసేదొకరు

కిందటేడు సెప్టెంబరులో మా చెల్లెలింట్లో ఒక సంచీ గురించి మూడు వారాలు చర్చ నడిచింది. పెళ్ళికూతురి పట్టుచీర విషయంలో కూడా మా ఇళ్ళల్లో అంత చర్చ జరిగిన గుర్తు నాకు లేదు. ఆ సంచీ కూరగాయలకి కాదు, ప్రయాణానికీ కాదు. వేటాడిన జంతువు మాంసాన్ని వీపున వేసుకుని కొండమీంచి కిందికి దించుకు రావడానికి!

ఇదేం గొడవండీ అని పేజీ తిప్పేయబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి. నేనూ మొదట మీలాగే ముఖం చిట్లించాను. అలాగని మేము శాకాహారులం కాదు. ఆదివారం మా ఇంట్లో మాంసం వండుకుంటాం. మావారు సందు చివర కొట్టు నుంచి నల్ల ప్లాస్టిక్ సంచీలో తెస్తారు. ఆ సంచీ నల్లగానే ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? దారిలో నలుగురికీ కనపడకూడదని. నాకూ కనపడకూడదనే అనుకుంటాను. కడిగి, పసుపూ ఉప్పూ కారం పట్టించేసరికి అది జంతువన్న సంగతే మరిచిపోతాం. ఇరవై ఏళ్ళుగా వండుతున్న నేను ఇప్పటివరకూ ఆ కొట్టు గుమ్మం తొక్కలేదు. అలాంటిదాన్ని, వేట అనగానే ముఖం చిట్లించే అధికారం నాకెక్కడిదని అప్పుడు తోచలేదు. తర్వాత తోచింది. ఆ తర్వాత సంగతే మీతో చెప్పుకుందామని.

మా చెల్లెలూ మరిదీ అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఉంటారు. వంటింటి కిటికీ తెరిస్తే రాకీ పర్వతాలు. ఆ కొండల్లో ఎల్క్ అనే జంతువు తిరుగుతుంది. మన అడవుల్లోని కణుజుకి పెద్దన్న అనుకోండి. ఆ ఒక్క రాష్ట్రంలోనే సుమారు 2,80,000 ఉన్నాయి. అమెరికాలో మరే రాష్ట్రంలోనూ అన్ని లేవు. ఏటా చలి మొదలయ్యే రోజుల్లో ప్రభుత్వమే లైసెన్సులిచ్చి వేటకి అనుమతిస్తుంది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. అక్కడ అది పరీక్ష పాసయి, రుసుము కట్టి, నియమాలకి లోబడి చేసే పని. 1949 నుంచీ పుట్టినవాళ్ళెవరైనా సరే, వేట పాఠాలు చదివి పాసయితే తప్ప లైసెన్సు రాదు. తుపాకీ వేట రోజుల్లో ఒంటిమీద కళ్ళు జిగేలుమనే నారింజరంగు బట్ట వేసుకోవాలి, ఒకరినొకరు జింకలనుకుని కాల్చుకోకుండా. 2016 నుంచి గులాబీరంగైనా సరేనన్నారట. "రంగు మారిస్తే ఆడవాళ్ళందరం వేటకొచ్చేస్తాం అనుకున్నారు కాబోలు" అని నవ్వింది వాళ్ళ పక్కింటావిడ.

ఈ పక్కింటావిడే ఈ కథకి మూలం. అరవై దాటిన మనిషి. బళ్ళో టీచరుగా చేసి రిటైరయింది. భర్త పోయాడు. ఏటా కొండెక్కి, దొరికిన ఏడు ఏడాదికి సరిపడా మాంసం ఫ్రీజరులో దాచుకుంటుంది. దొరకని ఏడు పప్పూ కూరగాయలతో సరిపెట్టుకుంటుందే కానీ కొట్లో మాంసం మాత్రం కొనదు. "నాతో రారాదూ" అని ఆవిడ అన్నదే తడవు, కంప్యూటరు ముందునుంచి లేవని మా మరిదికి ఉత్సాహం పుట్టుకొచ్చింది. పరీక్ష పాసయ్యాడు. లాటరీలో ఆడ ఎల్క్‌కి లైసెన్సూ వచ్చింది. తుపాకీ గురించి అడగబోతే ఆవిడ అడ్డుకుంది. "గురి సంగతి నేర్పుతాను. ముందు మోసే సంచీ సంగతి చూడు" అంది.

నాకు విచిత్రంగా తోచింది. వేటంటే గురి కదా! మన కథల్లో రాజులు వేటకి వెళ్తారు, బాణం వేస్తారు, మునికన్యని చూసి మనసు పారేసుకుంటారు. చచ్చిన జింకని ఇంటికి ఎవరు మోసుకొచ్చారో ఏ కవీ చెప్పిన గుర్తు లేదు. వెనకాల పరివారం ఉంటుందిగా!

ఆ చట్టం పరివారాన్ని లెక్కలోకి తీసుకోదు. చంపినవాడు దాన్ని అక్కడ వదిలేసి రావడానికి వీల్లేదు. ముందు జబ్బలూ, వెనక తొడలూ, వెన్నుకి ఇరుపక్కలా ఉండే కండలూ, లోపలి మెత్తటి కండలూ అన్నీ తీసి తీరాలి. కొమ్ములు మాత్రం కోసుకుని మిగతాది కుళ్ళిపోనిస్తే పెద్ద నేరం. అలాస్కాలో ఇంకో అడుగు ముందుకేశారు. అక్కడ మాంసమంతా దారికి చేర్చేదాకా కొమ్ముల్ని కదపకూడదు. బరువు ముందు, గొప్ప తర్వాత అన్నమాట. ఇంకో సంగతి: అలా వేటాడి తెచ్చిన మాంసాన్ని అమ్మకూడదు, కొనకూడదు. తినాలంటే నువ్వే వెళ్ళి తెచ్చుకోవాలి, లేదా తెచ్చుకున్నవాళ్ళు ప్రేమగా పెడితే తినాలి.

బి.ఏ.లో లెక్కల జోలికి పోకుండా బయటపడ్డ నేను కూడా కాగితం మీద లెక్క వేసి చూశాను. మగ ఎల్క్ ఏడు వందల పౌండ్లుంటుంది, అంటే మూడు వందల కిలోల పైమాటే. ఎముకలు తీసేసినా మాంసం వంద కిలోలకి దగ్గరగా వస్తుంది. మనిషి ఒకసారికి పాతిక కిలోలు మోస్తే నాలుగు మోతలు. చంపిన చోటికీ కారు నిలిపిన చోటికీ ఐదు కిలోమీటర్ల దూరమనుకోండి. నాలుగుసార్లు బరువుతో రావాలి, మూడుసార్లు ఖాళీగా వెళ్ళాలి. మొత్తం ముప్ఫై అయిదు కిలోమీటర్లు, కొండదారిలో. తుపాకీ పేలేది ఒక్క క్షణం. ఆ తర్వాత పని రెండు రోజులు. అందుకే, "చంపడం ఎక్కడో నిర్ణయించేది నీ కన్ను కాదు, నీ వీపు. మోసుకురాలేని చోట కనపడితే వదిలేయాలి" అంటుంది ఆవిడ.

ఇక సంచీల సంగతి. మంచివి అయిదారు వందల డాలర్లు. మన డబ్బుల్లో యాభై వేలకి దగ్గర. మా చెల్లెలు గుండెలు బాదుకుంది. "ఏడాదికోసారి వాడే సంచీకి ఆరు వందలా? పిల్లల బడి సంచీ ముప్ఫైకి వస్తుంది. వందలో వచ్చేది ఏదో ఒకటి కొనండి, చాలు!" అని తేల్చేసింది. మధ్యతరగతి గృహిణి కొలరాడోలో ఉన్నా కొవ్వూరులో ఉన్నా ఒకటే కదండీ. నేనూ చెల్లెలి పక్షమే.

పక్కింటావిడ వాదించలేదు. "సరే, చవకదే కొనండి. కాకపోతే ఏది చాలో తేల్చి చెప్పినవాళ్ళు దాన్ని ఒకసారి ఎత్తుకుని చూడాలి" అంది. మా మరిది స్నేహితుడి దగ్గరున్న చవక సంచీ తెప్పించింది. తన సంచీ తెచ్చింది. తూకానికి మాంసం ఎక్కడిది? మా చెల్లెలింట్లో ఉన్నవి బియ్యం బస్తాలే. ఇరవై పౌండ్ల సోనామసూరి సంచులు రెండు, పది పౌండ్ల కందిపప్పు ఒకటి, వెరసి యాభై పౌండ్లు. ఇరవై మూడు కిలోలు. ఇంటి అడుగున బేస్‌మెంటు నుంచి మేడమీదికి ఎక్కి దిగమంది.

ముందు మా చెల్లెలు ఎక్కింది. తర్వాత, ఎందుకొచ్చిన పౌరుషమో, నేను. చవక సంచీలో ఫ్రేము అంటూ లేదు. బియ్యం అడుగుకి జారి కూర్చుంది. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే వెనక్కి ఎవరో జడ పట్టుకుని లాగుతున్నట్టుంది. భుజాల పట్టీలు సన్నగా కోసేస్తున్నాయి. మూడోసారి ఎక్కేసరికి మెడపక్క ఎముకలు విరిగిపోయినట్టనిపించి గోడకి జారబడ్డాను. పైనుంచి మా చెల్లెలు కొడుకు నా అవస్థ వీడియో తీశాడు. అది ఇప్పటికి మా బంధువులందరూ చూశారు.

తర్వాత ఆవిడ తన సంచీ తగిలించింది. తగిలించే ముందు నా వీపు కొలిచింది, దర్జీ జాకెట్టుకి కొలిచినట్టు. మెడ ముందుకి వంచినప్పుడు పైకి పొడుచుకొచ్చే ఎముక ఉంటుందే, అక్కడినుంచి నడుం ఎముకల పై అంచు దాకా. ఆ కొలతకి పట్టీలు సరిచేసి, ముందు నడుం బెల్టు బిగించి, ఆ తర్వాతే భుజాలవి లాగింది. బియ్యాన్ని సంచీ అడుగున పడేయలేదు. ఫ్రేముకీ సంచీకీ మధ్య చిన్న అరలాంటిది ఉంది. అందులో, వెన్నుకి ఆనించి, పైకి ఎత్తి కట్టింది. అదే బియ్యం, అదే పప్పు, అవే మెట్లు. బరువు తగ్గలేదు, ఆయాసమూ తగ్గలేదు. కానీ నొప్పి తగ్గింది. బరువంతా తుంటి మీదికి దిగి, కాళ్ళు దాన్ని అందుకున్నాయి.

ఆ నడుం బెల్టు కథ తెలుసుకున్నాక నాకు నవ్వాగలేదు. వెనక చెక్క చట్రానికి కట్టుకుని మోసేవారట. భుజాలు ఊడిపోయేవి. డిక్ కెల్టీ అనే కాలిఫోర్నియా ఆయన, స్నేహితుడితో కొండలెక్కుతూ, చట్రం అడుగు కొసల్ని పంట్లాం వెనక జేబుల్లో దోపుకుంటే భుజాలకి హాయిగా ఉందని గమనించారు. దానిమీద 1952లో అల్యూమినియం ఫ్రేముకి నడుం బెల్టు పెట్టి సంచీల వ్యాపారం మొదలుపెట్టారు. ఫ్రేములు ఆయన చేస్తే, సంచులు కుట్టింది ఆయన భార్య నీనా. మొదటి ఏడు ఇరవై తొమ్మిది అమ్మారు, ఒక్కోటి 24 డాలర్లకి. బరువు మోయాల్సింది నడుమని 1952లో కనిపెట్టారట! మన పల్లెల్లో నీళ్ళ బిందె ఒక పక్క, చంటిపిల్ల ఇంకో పక్క నడుమున పెట్టుకుని నడిచిన ఏ ఇల్లాలినడిగినా ఆ ముక్క ఊరికే చెప్పేది. ఎవరూ అడగలేదు, అంతే.

చివరికి బేరం ఇలా తెగింది. జేబులూ, ఆకుపచ్చ మచ్చల బట్టా, కంపెనీ పేరూ, వీటిమీద ఎంతైనా మిగుల్చుకోవచ్చు. ఫ్రేమూ, బెల్టూ, కుట్టూ, వీటిమీద మిగుల్చుకోకూడదు. సైన్యం వాడి అమ్మేసిన పాత ఫ్రేములు చవగ్గా దొరుకుతాయి, గట్టివే కానీ మా మరిది పొడుగు వీపుకి పొట్టి. ఆఖరికి ఒక్క ఏడు వేటకెళ్ళి చాలించుకున్న పెద్దమనిషి దగ్గర మంచి ఫ్రేమున్న సంచీ సగం ధరకి దొరికింది. మాంసం చుట్టే గుడ్డసంచులకి బదులు మా చెల్లెలు పాత నూలు దిండుగలీబులు ఉతికి ఇచ్చింది. మాంసానికి గాలాడాలిట. ప్లాస్టిక్ సంచీలో వేడిగా మూటకడితే పాడైపోతుందిట. తెల్లగా ఉతికిన ఆ గలీబుల్ని మడతపెడుతుంటే, మా సందు చివరి నల్లసంచీ గుర్తొచ్చింది నాకు.

ఆ రాత్రి భుజాలకి అమృతాంజనం రాసుకుని పడుకున్నాను కానీ నిద్ర పట్టలేదు. మా చెల్లెలు అంత తొందరగా ఎందుకు మనసు మార్చుకుంది? తనే మోసింది కనక. మోయనంతసేపూ వంద డాలర్ల సంచీ చాలనిపించింది తనకి, నాకూను. అప్పుడు నాకు మా అమ్మ రోలు గుర్తొచ్చింది.

మా అమ్మ రోజూ రోట్లో పచ్చడి నూరేది, రుబ్బురోట్లో పిండి రుబ్బేది. మిక్సీ కొనమని ఎన్నోసార్లు అడిగింది. "రోటి పచ్చడి రుచి మిక్సీకి వస్తుందటే!" అనేవారు నాన్న. నిజమే, రాదు. ఒకసారి అమ్మ జారిపడి కాలు విరిగి మంచాన పడింది. నాన్న రెండు రోజులు రోటి దగ్గర కూర్చున్నారు. మూడోరోజు మా ఇంటికి మిక్సీ వచ్చింది. రుచి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఈ కథ నేను ఎన్ని సభల్లో చెప్పానో! చెప్పినప్పుడల్లా ఆడవాళ్ళు చప్పట్లు కొట్టేవారు. కొనేదొకరు, నూరేదొకరు అయితే ఇంతే మరి అని ముక్తాయించేదాన్ని.

ఆ రాత్రి, పదివేల మైళ్ళ దూరంలో, మా బాత్రూము తలుపు వెనక నిలబడి ఉన్న మాప్ కర్ర నా కళ్ళముందుకొచ్చింది.

రెండేళ్ళ క్రితం మా పనావిడ కూతురి పురుడని నెలరోజులు ఊరెళ్ళింది. ఆవిడ పేరిక్కడ రాయను, అడగకుండా రాయడం బాగుండదు. మూడు రోజులు నేను కూచుని తడిగుడ్డ పెట్టాను. నాలుగో రోజు మోకాళ్ళు మొరాయించాయి. సాయంత్రానికి పధ్నాలుగు వందలు పోసి, గిరగిరా తిరిగి నీళ్ళు పిండే బకెట్టుతో సహా మాప్ కర్ర కొనుక్కొచ్చాం. నిలబడి హాయిగా తుడుచుకున్నాను. నెల తిరక్కుండా ఆవిడ వచ్చేసింది. మాప్ తలుపు వెనక్కి వెళ్ళింది. ఆవిడ మళ్ళీ గొంతుక్కూచుని, మూడు గదులూ వంటిల్లూ వరండా, పాత తువ్వాలు ముక్కతో తుడవడం మొదలుపెట్టింది. "ఆవిడకి గుడ్డే చాలు" అని ఎవరూ అనలేదు. అసలు ఆ ఆలోచనే ఎవరికీ రాలేదు. ఆడవాళ్ళ కష్టాల మీద నవలలు రాసిన నాకు కూడా! మా నాన్నకైనా రుచి అనే సాకొకటుంది. నాకు అదీ లేదు.

ఒకటి గుర్తొస్తే ఇక వరసపెట్టి వస్తాయి కదా. గ్యాసు సిలిండరు నిండుగా ముప్ఫై కిలోలకి కాస్త అటూఇటూ ఉంటుంది. అంటే కొలరాడో లెక్కలో ఒక మోత కంటే ఎక్కువ. లిఫ్టు పాడయిన రోజు మా కుర్రాడు దాన్ని భుజం మీద తువ్వాలు మడతేసుకుని మూడంతస్తులు ఎక్కిస్తే, పైన ఇరవై రూపాయలివ్వాలా ముప్ఫైయా అని నేను ఆలోచిస్తాను. ఇల్లు మారినప్పుడు బీరువా ఎత్తిన హమాలీలతో వంద రూపాయల దగ్గర అరగంట బేరమాడి, గెలిచానని ఆ రాత్రి సంతోషంగా అన్నం తిన్నాను. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మనిషి మోసే బరువు యాభై అయిదు కిలోలు దాటకూడదని సిఫార్సు చేసింది. అంటే ఎక్కడో కొందరు కూచుని ఇంకొకరి వీపు గురించి ఆలోచించారన్నమాట. మా బీరువా ఎన్ని కిలోలో ఇప్పటికీ నాకు తెలియదు. నేను మోయలేదుగా!

ఇక్కడ మీరో ప్రశ్న అడుగుతారని తెలుసు. "అయితే ఎవరి బరువు వాళ్ళే మోసుకోవాలంటావా? ఎవరి బియ్యం వాళ్ళు పండించుకుని, ఎవరి గేదెను వాళ్ళు పిండుకుంటే లోకం నడుస్తుందా?" నడవదు. అలాగైతే నేను ఈ వ్యాసం రాయనూ లేను, మీరు చదవనూ లేరు. ఒకరి పని ఒకరు చెయ్యడం తప్పు కాదు. భారతంలో ధర్మవ్యాధుడు మాంసం అమ్మేవాడు. తాను చంపడు, తినడు. ఇతరులు చంపిన దాన్ని అమ్ముతాడు. అయినా కౌశికుడనే బ్రాహ్మణుడికి ధర్మం బోధించాడు. ఆ కౌశికుణ్ణి అతని దగ్గరికి పంపింది ఒక మామూలు గృహిణి అన్న సంగతి మనం మరవకూడదు సుమండీ! తన వృత్తిలో ఉన్న బరువు తనకు తెలిసి, దాన్ని దాచకుండా చెప్పుకున్నాడు కనకే అతనికి ఆ అర్హత వచ్చిందని నాకనిపిస్తుంది.

దీనికి ఎదురుగా ఇంకో కథ ఉంది. వాల్మీకి మహర్షి వెనకటి రోజుల్లో అడవిలో దారికాచి దోచి కుటుంబాన్ని పోషించేవాడు. నారదుడడిగాడు, ఈ పాపంలో నీ వాళ్ళు పాలుపంచుకుంటారా అని. ఇంటికెళ్ళి అడిగితే, భార్యాబిడ్డలు "తెచ్చి పెట్టడం నీ పని, తినడం మా పని. పాపం నీదే" అన్నారు. చిన్నప్పుడు ఈ కథ వింటే ఆ భార్యమీద కోపమొచ్చేది. ఇప్పుడు చూస్తే, ఆదివారం వంటింట్లో నిలబడ్డది ఆవిడే. నల్లసంచీ విప్పుతున్నది ఆవిడే.

తిలాపాపం తలా పిడికెడు అంటారు మనవాళ్ళు. పంచుకుంటే తగ్గుతుందని దాని అర్థం అనుకుంటాం. కానీ అది కనపడకుండా పంచుకుంటే తగ్గదు, పెరుగుతుంది. అమెరికాలోనే పాసెంజర్ పావురాలని ఉండేవి. గుంపు ఎగిరితే సూర్యుడు కనపడేవాడు కాదు, వందల కోట్లుండేవి. పందొమ్మిదో శతాబ్దంలో వాటిని కొట్టి, పీపాల్లో కుక్కి, రైళ్ళలో పట్నాలకి పంపేవారు. పట్నంలో ఇల్లాలు చవగ్గా దొరుకుతోందని కొనుక్కునేది. ఆవిడ చంపలేదు, మోయలేదు. ఒక్క పిట్టే కొంది పాపం. 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో మార్తా అనే ఆఖరి పావురం చచ్చిపోయింది. ఇలాంటివి చూసే 1900లో లేసీ చట్టం తెచ్చారు, దొంగవేట సరుకు రాష్ట్రాలు దాటకుండా. అడవి మాంసం అమ్మకూడదన్న నియమాలు గట్టిపడ్డదీ ఆ రోజుల్లోనే. తన వీపు మీద మోసుకునేవాడు ఎంత ఆశపోతైనా ఒక ఏడాదికి ఒక జంతువుతో ఆగుతాడు. వీపే ఆపుతుంది. డబ్బిచ్చి మోయించుకునేవాళ్ళకి ఆ ఆపు లేదు.

మోశాడు కనక చంపడం పుణ్యమైపోయిందని నేననడం లేదు. ఎంత మంచి సంచీ కొన్నా ఎల్క్‌కి ఒరిగేదేమీ లేదు. వేట మంచిదా, మాంసం తినొచ్చా అన్న ప్రశ్నలకి నా దగ్గర జవాబు లేదు, మా ఇంట్లో ఆదివారాలూ మారలేదు. నేను చెప్పేది చిన్న సంగతి. ఏ వస్తువైనా 'ఇది చాలు' అని తేల్చేముందు, ఆ 'చాలు' ఎవరి వీపు మీద తేలుస్తున్నామో చూసుకోవాలి. పొదుపు మంచిదే. నా డబ్బు మిగుల్చుకోవడానికి నా భుజం నొప్పి పెట్టుకుంటే అది పొదుపు. నా డబ్బు మిగలడానికి ఇంకొకరి భుజం నొప్పిపెడితే దానికి వేరే పేరుండాలి.

అక్టోబరు నెలాఖరులో మా చెల్లెలు ఫోను చేసింది. నేను అప్పటికి ఇల్లు చేరాను. వాళ్ళకి ఎల్క్ దొరికిందట. మూడు మోతలు, ఆవిడొకటి, మా మరిది రెండు. "ఎలా ఉన్నారు వీరుడుగారు?" అన్నాను. "గొప్పలేం చెప్పలేదక్కా. వచ్చి చాలాసేపు మాట్లాడకుండా కూచున్నారు. చచ్చిపోయాక దాని పక్కన కాసేపు కూచుండిపోయామన్నారు, అంతే. ఇప్పుడు పిల్లలు పళ్ళెంలో ముక్క వదిలేస్తే మాత్రం ఊరుకోవడం లేదు. మాంసమే కాదు, అన్నం వదిలినా ఊరుకోవడం లేదు" అంది.

నేను ఇంటికొచ్చిన మర్నాడే మాప్ కర్ర తలుపు వెనకనుంచి తీసి, కడిగి, మా పనావిడకి అందించాను. ఏదో గొప్ప త్యాగం చేసినదానిలా నిలబడ్డాను కూడా, ఒప్పుకోవాలి. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగానే ఉందమ్మా. నిలబడి తుడుచుకోవచ్చు. మూలలు మాత్రం రావు, అవి గుడ్డతోనే తుడవాల" అంది. అని ఊరుకుంటే నా కథ సుఖాంతమయ్యేది. "అయినా నా నడుం తీసేది తుడుపు కాదమ్మా, ఆ నీళ్ళ బకెట్టు" అంది.

మా పెరట్లో కుళాయి దగ్గర నిండా పట్టి, ఆరు మెట్లెక్కి తెచ్చుకుంటుంది ఆ బకెట్టు. ఇరవై లీటర్లది. ఇరవై లీటర్లంటే ఇరవై కిలోలు. కాస్త తక్కువగా, మా చెల్లెలింట్లో నన్ను గోడకి జారవేసిన బరువే. రోజూ రెండుసార్లు, మా ఇంట్లోనే, ఏడేళ్ళుగా.

పక్కింటావిడ మాట అప్పుడు సరిగ్గా అర్థమైంది నాకు. సంచీ కొనేముందు వీపు కొలవాలంది. నేను కొలవలేదు, ఆవిడకేం కావాలో మళ్ళీ నేనే తేల్చేశాను. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాను.

"మీరెప్పుడడిగారమ్మా?" అంది ఆవిడ, కోపమేమీ లేకుండానే.

ఆ సాయంత్రం బజారుకెళ్ళి ఎనిమిది లీటర్ల బకెట్లు రెండు కొన్నాం. మూడు వందలయింది. ఈసారి రంగు ఆవిడే ఎంచుకుంది. కొట్టువాడితో బేరం కూడా ఆవిడే ఆడింది.